నీళ్లు తాగితే మల్లా అడగాల గదమ్మా

నేను స్టాఫ్ నర్సుని. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి పందొమ్మిదేళ్లయింది, అందులో చివరి ఆరేళ్లు ఆడవాళ్ల ఎముకల వార్డులోనే. కర్నూలు వైపు ఒక సర్కారు ఆసుపత్రి, పేరు చెప్పను, చెబితే రేపు డ్యూటీకి పోవాల్సింది నేనే. "పేషెంట్లతో గౌరవంగా ఉండండి, నవ్వుతూ మాట్లాడండి" అని మాకు అప్పుడప్పుడు ట్రైనింగులు పెడతారు, టీ బిస్కెట్లు ఇస్తారు, ఫొటో తీస్తారు. నేను రాయబోయేది నవ్వు గురించి కాదు, బెడ్‌పాన్ గురించి. మంచం దిగలేని మనిషికి ఒంటికీ రెంటికీ కింద పెట్టే పాత్ర అది. అన్నం ముందు కూర్చొని చదివేవాళ్లు తిన్నాక చదవండి.

పోయినేడాది ఫిబ్రవరిలో ఆదోని అవతల పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. వయసు డెబ్బై పైన ఉంటుంది, ఎంతో తనకే సరిగా తెలీదు. వాకిట్లో కల్లాపి చల్లుతూ జారి పడింది, తుంటి ఎముక మెడ దగ్గర విరిగింది. ఒంట్లో రక్తం తక్కువ, హిమోగ్లోబిన్ 7 చిల్లర. రక్తం ఎక్కించి, మత్తు డాక్టరు ఫిట్‌నెస్ ఇచ్చేదాకా ఆపరేషన్ లేదు. అందాకా కాలికి ట్రాక్షన్ కట్టి, మంచం కాళ్ల దిక్కున బరువు వేలాడదీసి పడుకోబెట్టాం. లేవకూడదు, నడవకూడదు, అంటే ఒంటికైనా రెంటికైనా మంచం మీదే. కోడలు మిరపకాయలు కోసే సుగ్గికి గుంటూరు దిక్కు పోయింది, ఆ కాలంలో ఆ పల్లెల్లో సగం ఇళ్లకు తాళాలే ఉంటాయి. అవ్వతో వచ్చింది నలభై ఏళ్ల కొడుకు ఒక్కడే.

మూడో రోజు నాకు నైట్ డ్యూటీ. హ్యాండోవర్‌లో సాయంత్రం సిస్టర్ "9వ బెడ్డు, స్టేబుల్, యూరిన్ కొంచెం తక్కువ" అని ఒక్క ముక్కలో చెప్పి బ్యాగు తగిలించుకొని పోయింది. (ఇక్కడ పేరు రాయకూడదు కాబట్టి నేనూ 9వ బెడ్డు అంటున్నాను. వార్డులో అలా పిలవడం మానేశాం, ఆ సంగతి తర్వాత.) ఛార్టు తీసి చూస్తే లోపలికి పోయింది 400 మిల్లీలీటర్లు, బయటికి వచ్చింది 250. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరైనా మూత్రం రావాలనేది చదువుకునేటప్పుడే మా బుర్రల్లోకి కొట్టిన లెక్క. అవ్వ 42 కిలోలే ఉందనుకున్నా రోజుకు 500 దాటాలి. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే రెండు సెలైన్లు పెట్టి క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసేయమన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, అర్ధరాత్రి ఫోన్‌లో ఎవరైనా అదే చెప్తారు.

సెలైన్ పట్టుకొని పోయినప్పుడు చూశాను, మంచం పక్కన లీటరు బాటిల్ నిండుగా ఉంది. పొద్దున కొడుకు నింపిపెట్టిన బాటిల్ అది. రెండు గుక్కలు తగ్గిందేమో, అంతే.

"ఏమవ్వా, నీళ్లు తాగలేదే? వాంతి వచ్చినట్టుందా?"

"లేదమ్మా."

"మరి?"

అవ్వ తల తిప్పి మంచం కిందికి చూసింది. కొడుకు చాప మీద మొహానికి తువ్వాలు కప్పుకొని పడుకున్నాడు. నిద్రపోయాడని నమ్మకం కలిగాక గొంతు తగ్గించి చెప్పింది. "నీళ్లు తాగితే మల్లా అడగాల గదమ్మా."

తర్వాత మెల్లగా అడిగితే అంతా బయటపడింది. కొడుకుతో పాన్ పెట్టించుకోలేదు, వాడికి చెప్పనూ లేదు. ఆయమ్మను పిలిస్తే పిలిచినప్పుడల్లా డబ్బులు. నర్సులను అడగొచ్చనే ఆలోచనే అవ్వకు రాలేదు, మేము సూదులేసేవాళ్లం కదా. అందుకని పక్క మంచం వాళ్ల కూతురు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేదాకా బిగబట్టుకునేది. ఆ పిల్ల వచ్చి, కొడుకు బీడీ తాగడానికి బయటికి పోయినప్పుడు, రోజుకు ఒక్కసారి. మాత్రలకు రెండు గుక్కల నీళ్లు, పొద్దున అర ఇడ్లీ, మధ్యాహ్నం నాలుగు మెతుకులు. విరేచనం అయి నాలుగు రోజులట, అంటే పడకముందు రోజు నుంచి. ఆకలి లేదేమో అని మేము షీట్‌లో "పూర్ ఒరల్ ఇన్‌టేక్" (తిండీ నీళ్లూ తక్కువ) అని రాసుకుంటూ వచ్చాం. చక్కటి ఇంగ్లీషు. ఆరేళ్లుగా అదే వార్డులో, అవే ఛార్టుల మీద సంతకాలు పెడుతున్నాను, నిండుగా ఉన్న బాటిల్ ఏం చెప్తోందో ఒక్క రోజు చూడలేదు.

ఆ రాత్రి క్యాథెటర్ వేయలేదు. డాక్టరుకు మళ్లీ ఫోన్ చేసి, సెలైన్ పెట్టాను, ముందు పాన్ పెట్టి చూస్తాను, రాకపోతే వేస్తాను అన్నాను. ఆయన "మీ ఇష్టం సిస్టర్" అన్నాడు. పాన్ పెట్టాను. వచ్చింది, ముదురు పసుపు, 300 పైనే. అన్నీ ఆపుకుంది పాపం.

మరుసటి వారం తీరిక దొరికినప్పుడల్లా మంచం మంచం దగ్గరికి పోయి అడిగాను. అందరూ ఏదో ఒక లెక్క ప్రకారమే తాగుతున్నారు. బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగిన ఇరవై ఏళ్ల పిల్ల, ఎదురు మంచం వాళ్లకు మగ అటెండెంట్లు ఉన్నారని పగలంతా ఏమీ తాగదు. కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చిన ఒక ముస్లిం అమ్మ, బుర్ఖా తీయించి గౌను వేశాక అసలు మంచం మీద నుంచి కళ్లెత్తి చూడడమే మానేసింది, ఆమె అక్కాచెల్లెళ్లు ఇద్దరూ వచ్చిన పూట మాత్రం చున్నీలు అడ్డం పట్టి పాన్ పెడతారు, అందుకని వాళ్లు వచ్చేముందు గంటలోనే నీళ్లు తాగుతుంది. కోడుమూరు నుంచి వచ్చిన ఒకామె ఇంకో మాట చెప్పింది. పక్కన అన్నం తింటాంటారు, నేను ఎట్ల కూర్చునేదమ్మా అని. చీర అడ్డం పట్టడం మా వార్డులో ఎప్పటి నుంచో ఉన్నదే. అటు ఒకరు ఇటు ఒకరు చీర చెంగులు పట్టుకొని నిలబడతారు, మేము దాని పక్క నుంచే ట్రాలీ తోసుకుంటూ పోతాం. ఎన్నిసార్లు పోయి ఉంటాను? ఆ చీర నాకు గోడలో భాగం లాగా అయిపోయింది.

నాతో జీఎన్‌ఎం చదివిన స్నేహితురాలు ఒకత్తి ఇంగ్లండ్‌లో పనిచేస్తోంది. ఆదివారం వీడియో కాల్‌లో ఇదంతా చెప్పి, మీ దగ్గర ఇలాంటివి ఉండవులే అన్నాను. అది నవ్వి, స్టాఫర్డ్ పేరు విన్నావా అని అడిగింది. మిడ్ స్టాఫర్డ్‌షైర్ అని అప్పట్లో అక్కడొక ట్రస్టు (సర్కారు ఆసుపత్రిని నడిపే సంస్థ) ఉండేది, దాని ఆసుపత్రిలో రోగులను చూసుకున్న తీరు మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే లాయరు రెండుసార్లు విచారణ చేశాడు, 2010లో ఒక నివేదిక, 2013లో ఇంకొకటి, రెండోదాంట్లో 290 సిఫారసులు. మొదటి నివేదికలో బయటపడినవేమిటో తెలుసా? నీళ్లు చేతికి అందని దూరంలో పెట్టారు. టాయిలెట్‌కు తీసుకెళ్లమని ఎన్నిసార్లు అడిగినా పట్టించుకోలేదు. తడిసిన పక్కల మీదే గంటల కొద్దీ వదిలేశారు. అంత డబ్బున్న దేశంలో, అన్ని మెషీన్లున్న చోట కూడా గొడవంతా వచ్చి వచ్చి నీళ్ల దగ్గర, పాన్ దగ్గరే ఆగింది. వాళ్ల వార్డుల్లో ఇప్పుడు గంటకో రెండు గంటలకో నర్సు తనే పోయి నాలుగు మాటలు అడుగుతుందట, నొప్పి ఉందా, పక్కకు తిప్పాలా, టాయిలెట్‌కు పోవాలా, కావలసినవి చేతికి అందుతున్నాయా అని. పేషెంటు పిలిచేదాకా ఆగరు. ఈ ఒక్క ముక్క నాకు పట్టుకుంది. మా అవ్వ కష్టమంతా "మల్లా అడగాల" అనే దాంట్లోనే ఉంది. అడగాల్సిన పని లేకపోతే?

అప్పుడే మా ఆసుపత్రిలో నాణ్యత సర్టిఫికెట్ హడావుడి మొదలైంది. ఎన్‌క్యూఏఎస్ అంటారు, కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో తెచ్చిన ప్రమాణాలు. ఒక్కో విషయానికి 0, 1, 2 మార్కులు, మొత్తం మీద 70 శాతం రావాలి. అందులో బీ3 అనే స్టాండర్డు రోగి గోప్యత, మర్యాద గురించి. అసెస్‌మెంట్‌లో, అంటే తనిఖీలో, వార్డులో స్క్రీన్లు ఉన్నాయా, పరీక్ష చేసేటప్పుడు తెర కడుతున్నారా అని చూస్తారు. మాకు అప్పటికి ఉన్నది ఒక్క స్క్రీన్, అది కూడా డ్రెస్సింగ్ రూమ్‌లో, దాని మీద ఎవరిదో టవల్ ఆరేసి ఉండేది. రోగుల హక్కుల బోర్డు మాత్రం వరండాలో ఎత్తుగా వేలాడదీశారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన పత్రం, 17 హక్కులు, మంచి పత్రమే. మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి దాని అడుగు అంచు కూడా కనపడదు, అవ్వకు చదువు రాదు.

నేను ఒకటి మాత్రం కనిపెట్టాను. మామూలు రోజుల్లో పది ఇండెంట్లు (కావాల్సిన సామాను కోసం పెట్టే చీటీలు) రాసినా కదలని ఫైలు, "అసెస్‌మెంట్‌కు కావాలి సార్" అంటే రెండు రోజుల్లో కదులుతుంది. ఆ మూడు నెలలు ఆ మాటను ఎంత వాడుకోవాలో అంత వాడుకున్నాను.

ముందు పాన్లు. మా దగ్గరున్నవి పాత స్టీలు పాన్లు, గుండ్రంగా, ఎత్తుగా, అంచు గీసుకుపోయే రకం. తుంటి విరిగిన మనిషిని దాని మీదికి ఎత్తాలంటే నడుము నాలుగంగుళాలు లేవాలి, ట్రాక్షన్‌లో ఉన్న కాలు గుంజుతుంది, ప్రాణం పోయినంత నొప్పి. ఫ్రాక్చర్ పాన్ అని వేరే ఉంటుంది, ముందు వైపు పల్చగా చేట లాగా ఉంటుంది, మంచి కాలి వైపు నుంచి కొంచెం ఒరిగించి పల్చటి అంచును నడుము కిందికి జరిపితే చాలు. ఎముకల వార్డులో ఇవి లేకుండా ఇన్నేళ్లు ఎలా నడిపామో నాకే ఆశ్చర్యం. హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ డబ్బుల్లో ఆరు కొనిచ్చారు. ఇంకో లాభం కూడా ఉంది, మొరటుగా పాన్ గుంజినప్పుడే వీపు కింద చర్మం చీరుకుపోయి పుండ్లు మొదలవుతాయి. బెడ్‌సోర్ వచ్చే ప్రమాదం లెక్కకట్టడానికి బ్రేడెన్ స్కేల్ అని ఒకటి వాడతాం, అందులో ఆరు అంశాలు, వాటిలో తడి ఒకటి, ఈ రాపిడి ఇంకొకటి. అవి రెండూ పాన్ దగ్గరే తేలతాయి.

స్క్రీన్లు వెల్డింగ్ షాపులో చేయించాం, ఇనప పైపుల ఫ్రేము, కింద చక్రాలు, ముదురు ఆకుపచ్చ గుడ్డ. నాలుగు. పల్చటి తెల్ల గుడ్డ వేస్తామన్నాడు షాపాయన, సగం ధరకే. లైటు వెనక పడితే అంతా నీడలో కనపడుతుంది నాయనా అని చెప్పి మార్పించాను. మగ అటెండెంట్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా, రాత్రి తొమ్మిది నుంచి పదిదాకా బయట వరండాలో ఉండాలని పెట్టాం. మొదటి వారం రోజూ గొడవే, సెక్యూరిటీ అబ్బాయితో కొట్లాటలు. తర్వాత వాళ్లే అలవాటు పడ్డారు, ఆ గంట టీకి పోతారు.

కష్టమైంది ఆయమ్మ సంగతి. డబ్బులు తీసుకుంటోందని తెలిసి ఒక రోజు అందరి ముందే గట్టిగా అరిచాను. ఆమె తిరిగి ఒక్క మాట అనలేదు, పాన్ ఎత్తుకొని పోయింది. మధ్యాహ్నం డ్యూటీ రూమ్‌కు వచ్చి తలుపు దగ్గర నిలబడి చెప్పింది. "మేడమ్, నాకు ఏజెన్సీ జీతం, మూడు నెల్లయింది పడక. రెండు వార్డులకి నేనొక్కదాన్నే. గ్లౌసులు అడిగితే స్టాకు లేదంటారు. ఆ పాన్ పట్టుకొని వరండా మొత్తం నడుచుకుంటా పోవాల బాత్రూములకి, మూత గూడ లేదు. నేను వస్తాంటే జనం ముక్కులు మూసుకొని గోడకి అతుక్కుంటారు. పెట్టిచ్చుకునేటోళ్లకి సిగ్గు అంటాండావే, మోసేదానికి సిగ్గు ల్యాదా?"

నాకు మాట రాలేదు. మరుసటి రోజు ఆమెతో పాటు నేనూ ఒక పాన్ పట్టుకొని నడిచాను. అడుగులు లెక్కపెట్టాను, 70 పైనే, మధ్యలో ఓపీ నుంచి వచ్చే జనం, టీ అమ్మే అబ్బాయి. తెల్ల డ్రెస్సులో నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు కానీ ముక్కు మూసుకున్నది నిజమే. మా వార్డు పక్కనే చిన్న గది ఉంది. కట్టినప్పుడు ప్లానులో దాని పేరు డర్టీ యుటిలిటీ, అంటే ఇలాంటివి కడగడానికే. లోపల విరిగిన మంచాలు, పాత కేస్ షీట్ల కట్టలు పెట్టి తాళం వేశారు. "అసెస్‌మెంట్" అని మంత్రం వేసి తాళం తీయించాను, కొళాయి బాగుచేయించాను, పాన్లకు మూతలు తెప్పించాను, గ్లౌసులు, ప్లాస్టిక్ ఏప్రాన్ ఆమె పేరు మీద విడిగా ఇండెంట్ పెట్టాను. జీతం సంగతి నా చేతిలో లేదు, లెటర్ రాశాం అంతే. డబ్బులు తీసుకోవడం పూర్తిగా ఆగిందని చెప్పను. తగ్గింది. ఒకరిద్దరు ఇంటికి పోయేటప్పుడు ఇష్టపడి ఇస్తే తీసుకుంటుంది, నేను అటు చూడను. జీతం రాని మనిషికి నీతులు చెప్పే మొహం నాకు లేదు.

ఇక మా నర్సులు. ఇది రాస్తే నా వాళ్లకే కోపం వస్తుంది, రానీ. మీటింగులో నేను రెండు గంటలకోసారి రౌండు గురించి చెప్పగానే కొత్తగా చేరిన పిల్ల "మేడమ్, మేము బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివింది పాన్లు పెట్టడానికా?" అంది. ఇంకో సీనియర్, నాకంటే పెద్దామె, "మనం చేస్తే రేపటి నుంచి అది మన డ్యూటీ అయిపోతుంది, ఆయమ్మలను కూడా తీసేస్తారు" అంది. రెండో మాటలో నిజం ఉంది. మొదటిదానికి మాత్రం నేను ఊరుకోలేదు. మొదటి సంవత్సరం ఫండమెంటల్స్‌లో బెడ్‌పాన్ ఇవ్వడం, బెడ్ బాత్, బ్యాక్ కేర్, ఇవన్నీ బొమ్మ మీద చేసి చూపించి మార్కులు తెచ్చుకున్నాం కదా, ఉద్యోగం వచ్చాక బొమ్మకు చేసినది మనిషికి చేయకూడదా అన్నాను. ఎవరూ పైకి అనని మాట ఇంకోటి ఉంది. ఈ పని ఎవరు చేయాలి, ఎవరు ముట్టుకోకూడదు అనేది మన ఊళ్లలో పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది. ఆ రాతను తెల్ల డ్రెస్సు కింద దాచుకొని మేమూ ఆసుపత్రికి వస్తాం. మా అమ్మకు నేను ఈ పని చేస్తున్నానని ఇప్పటికీ తెలీదు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. 34 మంచాలకు పగలు ముగ్గురు, రాత్రి ఒకరో ఇద్దరో ఉండే చోట అందరికీ మేమే పెట్టడం అయ్యే పని కాదు. ఒక్క పాన్‌కు తెర లాగడం, పెట్టడం, తీయడం, శుభ్రం చేయడం, చేతులు కడుక్కోవడం అన్నీ కలిపి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, గడియారం పెట్టుకొని చూశాను. అందుకని అడగడం మా పని. పొద్దున ఆరుకు మొదలుపెట్టి రెండు గంటలకోసారి, రాత్రి పదికి చివరిది, భోజనం వేళ తప్పించి. "పాన్ కావాలా?" అని వార్డంతా వినపడేలా కేకేయకూడదు, మంచం దగ్గరికి పోయి మెల్లగా అడగాలి. ఆడ అటెండెంట్ ఉంటే ఆమెకు ఎలా పెట్టాలో ఒకసారి మేము చేసి చూపించాలి. ఎవరూ లేనివాళ్లకు, మగవాళ్లు మాత్రమే ఉన్నవాళ్లకు ఆయమ్మ, ఆమె లేకపోతే మేమే. వాళ్ల మంచాల తల వైపు చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించాం, దాని అర్థం స్టాఫ్‌కే తెలుసు. లీటరు బాటిళ్ల మీద పెన్నుతో నాలుగు గీతలు గీసి, సాయంత్రం ఆరుకు మూడో గీత కిందికి రాకపోతే ఎందుకో అడగాలి.

పేరు సంగతి కూడా అప్పుడే వచ్చింది. తెర లోపల, ఆ స్థితిలో ఉన్న మనిషిని "9వ బెడ్డు, కాలు ఎత్తు" అనడానికి నోరు రావడం లేదని ఆ బీఎస్సీ పిల్లే చెప్పింది. దగ్గరికి పోతే అలాగే అవుతుంది. ఇప్పుడు అవ్వా, పెద్దమ్మా, చిన్నపిల్లలైతే పేరు, మా పేర్లు కూడా ముందు మేము చెప్తాం. మందులిచ్చేటప్పుడు మాత్రం పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడిచ్చేది) రెండూ చూడాల్సిందే, అది వేరే.

అన్నీ సాఫీగా జరగలేదు. డైపర్ల మీద నేను ఓడిపోయాను. అటెండెంట్లు బయట మెడికల్ షాపులో పెద్దవాళ్ల డైపర్లు కొని తెచ్చి వేసేస్తారు, ఖరీదైనది కదా అని పొద్దున వేసింది రాత్రిదాకా తీయరు. లోపల చర్మం నానిపోయి తెల్లగా ఉంటుంది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. క్యాథెటర్లు తగ్గాయి, అది పెద్ద విషయమే. మూత్రం గొట్టం లోపల ఉన్న ఒక్కో రోజుకు బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. అవసరం ఉన్నవాళ్లకు వేయాలి కానీ, పాన్ పెట్టే బాధ తప్పుతుందని వేసిన గొట్టాలు మేము ఎన్ని చూళ్లేదు? చూడడమేంటి, వేశాం కూడా.

మే నెల వచ్చేసరికి ఎండలు 42, 43 దాటాయి. నీళ్లు ఎక్కువ తాగాల్సిన నెల అది, స్టాఫ్ సగం సెలవుల్లో ఉండేదీ ఆ నెలే. రెండు గంటల రౌండు నాలుగు గంటలకు పోయింది, కొన్ని రోజులు ఛార్టులో టిక్కులు మాత్రమే పడ్డాయి. నాకు తెలుసు, ఎందుకంటే కొన్ని టిక్కులు నేనే పెట్టాను. సరిగ్గా అసెస్‌మెంట్ వారంలో నాలుగు స్క్రీన్లలో ఒకటి ఎవరో పెద్దమనిషి బంధువు అడ్మిట్ అయ్యారని స్పెషల్ రూమ్‌కు తీసుకెళ్లారు. ఆ రూమ్‌కు తలుపు ఉంది, గడియ ఉంది, అయినా స్క్రీన్ కావాలట.

అసెస్‌మెంట్ రోజు కొత్త దుప్పట్లు పరిచారు, సాయంత్రానికి మళ్లీ లెక్కపెట్టి స్టోర్స్‌కు పోయాయి. వచ్చినావిడ మంచి మనిషి. కాగితాలు తిరగేసి, స్క్రీన్లు లెక్కపెట్టి, తర్వాత పేషెంట్లతో మాట్లాడాలి అంది. మా పెద్దవాళ్లు ముందే అనుకున్న, బాగా మాట్లాడే టీచరమ్మ దగ్గరికి తీసుకుపోబోతే, ఆవిడ దారిలో ఆగిపోయి ఒక ముసలామెను అడిగింది, "మీకు ఇక్కడ ఏం ఇబ్బంది ఉందమ్మా?" అని. ఆమె కొంచెం ఆలోచించి "నీళ్లు ఎక్కువ తాగమని సతాయిస్తాండారు" అని ఫిర్యాదు చేసింది. నేను నవ్వు ఆపుకోలేక డ్రెస్సింగ్ రూమ్‌లోకి పోయాను. ఒక స్క్రీన్ తక్కువైందని ఆ లైనులో 2 కాకుండా 1 వేసింది. మా సార్‌కు కోపం వచ్చింది, నాకు మాత్రం ఆ ఒకటి సరైన మార్కే అనిపించింది.

అవ్వ సంగతి చెప్పలేదు కదూ. పదమూడో రోజు ఆపరేషన్ అయింది, సగం కీలు మార్చారు. కోడలు గుంటూరు దిక్కు నుంచి కూలి డబ్బులు తీసుకొని నేరుగా ఆసుపత్రికే వచ్చింది, చేతులు ఎర్రగా మండిపోతున్నాయి, మిరపకాయలు కోసిన చేతులు సబ్బుతో ఎంత కడిగినా ఆ ఘాటు రోజుల తరబడి పోదు. ఆ చేతులతో అత్తను తాకడానికి భయపడుతుంటే గ్లౌసులిచ్చి, పాన్ ఎలా పెట్టాలో చూపించాను. ఒక్కసారికే నేర్చుకుంది. ఇంటికి పంపేటప్పుడు గొంతుకూర్చునే లెట్రిన్ వాడకూడదు, కీలు జారుతుంది అని చెప్తే, కొడుకు మాట్లాడకుండా విని, వారం తర్వాత కుట్లు తీయించడానికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఫొటో చూపించాడు. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో గుండ్రంగా కోసి, అంచుకు సైకిల్ ట్యూబు చుట్టి, కింద బకెట్ పెట్టాడు. చుట్టూ పాత చీరతో నాలుగు కట్టెలు పాతి తడిక లాగా కట్టాడు. "అమ్మ ఇప్పుడు బాగా నీళ్లు తాగుతాంది మేడమ్" అన్నాడు. అప్పుడు అర్థమైంది, వాడికి మొదటి నుంచీ తెలుసు. సాయంత్రం పూట బీడీ కోసం బయటికి పోయింది బీడీ కోసం కాదు.

ఇప్పటి పరిస్థితి చెప్పి ఆపేస్తాను. ఆరు ఫ్రాక్చర్ పాన్లలో రెండు పగిలాయి, ఒకటి మగవాళ్ల వార్డు వాళ్లు తీసుకెళ్లి ఇవ్వలేదు. రెండు స్క్రీన్ల చక్రాలు ఊడితే అందరం కలిసి ఈడ్చుకుంటున్నాం, ఆ చప్పుడు వినపడగానే మగవాళ్లు వాళ్లంతట వాళ్లే లేచి బయటికి పోతారు, అదొక లాభం. ఆయమ్మకు ఇంకో రెండు నెలల జీతం రావాలి. కొత్త పాన్ల కోసం మూడోసారి ఇండెంట్ రాశాను. నిన్న స్టోర్స్ నుంచి ఫోన్ వచ్చింది, "మేడమ్, పెద్ద పాన్లు నలభై ఉన్నాయి కదా మా దగ్గర, మళ్లీ చిన్నవి దేనికి?" అని. సోమవారం ఆ పాత స్టీలు పాన్ ఒకటి తీసుకెళ్లి ఆయన కుర్చీలో పెట్టి, కాళ్లు చాపుకొని ఐదు నిమిషాలు కూర్చోమంటాను.